వెయ్యికి ఇరవైనాలుగు కొసరు

మా సంస్థ పెట్టిన పదకొండేళ్లలో ప్రజల దగ్గర్నుంచి వచ్చిన మొట్టమొదటి ఉత్తరం అది. ఏప్రిల్ ఇరవై రెండున వచ్చింది. పోస్ట్‌మాన్ ఎవరిదో మా గుమ్మంలో పడేశాడనుకుని రెండుసార్లు తిప్పి పంపించాం. మూడోసారి కూడా తెచ్చి ఇవ్వడంతో విప్పక తప్పలేదు.

మాది రాష్ట్ర స్వయంసమృద్ధ సాఫ్ట్‌వేర్ సంస్థ. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీద ఉంటుంది. కనిపించే కొండ అన్నమాటే గానీ, ఎండకి ఏసీ పనిచెయ్యట్లేదని కిటికీలకి నల్లకాగితం అంటించేశాం కాబట్టి లోపలున్న రెండువందల పన్నెండు మందిమీ సముద్రాన్ని చూసి చాలాకాలమైంది. ప్రభుత్వాఫీసుల్లో కంప్యూటర్లన్నీ నడిచే సొంత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచెయ్యడం మా పని. దాని అట్టడుగున ఉండే ముక్కని కెర్నల్ అంటారు. మామిడిపండులో టెంక లాంటిదన్నమాట. దాన్నెవరూ పట్టించుకోరు, అది లేకుండా పండూ లేదు. ఆ కెర్నల్లో, ఫైలు సైజు ఎంతో లెక్కకట్టి మనిషికి అర్థమయ్యేలా తెర మీద చూపించే లైను ఒకటుంది. అది రాసింది నేనే. నా పేరు లింగమూర్తి.

ఉత్తరం రాసినావిడ చోడిపల్లి పైడమ్మ. భీమిలి దాటాక నక్కలతిప్ప అనే చేపలూరు. ఆవిడ చెబుతుంటే నెట్ సెంటరు వాళ్లెవరో రాసినట్టున్నారు.

"అయ్యా, నా పడవ లైసెన్సు తిరగరాయించుకోవాలి. పడవ ఫొటో సరిగ్గా యాభై కేబీ ఉండాలన్నారు. మా మత్స్యశాఖ ఆఫీసు కంప్యూటర్లో యాభై అని చూపించే ఫొటో ఎక్కిస్తే, వాళ్ల పోర్టల్ యాభై ఒకటి అని తోసేస్తోంది. తగ్గించి ఎక్కిస్తే పోర్టల్ ఒప్పుకుంటోంది గానీ, గుమాస్తాగారు తన తెర మీద చూసి నలభై తొమ్మిదే ఉందని కొట్టేస్తున్నారు. వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. ఆ సాయంత్రం అయిదులోగా లైసెన్సు రాకపోతే ఈ ఏడంతా పడవ ఇసకలోనే. మీ రెండు యాభైల్లో ఏది నిజం యాభయ్యో తెలపగలరు."

సరిగ్గా యాభై ఏమిటని మీకు అనుమానం రావచ్చు. పోర్టల్లో ఎక్కించే ఏ కాగితమైనా యాభై కేబీకి మించరాదని ఒక అధికారి సర్క్యులర్ ఇచ్చారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన, మరీ మసకగా ఉంటున్నాయని, యాభైకి తగ్గరాదని ఇంకో సర్క్యులర్ ఇచ్చారు. మొదటిదాన్ని రద్దు చేస్తే మొదటాయన నొచ్చుకుంటారని రెండూ అమల్లో ఉంచారు.

తప్పెక్కడుందో ఉత్తరం చదువుతూనే నాకు తెలిసిపోయింది. బైట్లు వెయ్యయితే ఒక కేబీ అని పోర్టల్ లెక్క. కంప్యూటర్ రెళ్లతో లెక్కపెడుతుంది కాబట్టి, రెండుని పదిసార్లు హెచ్చించుకుంటూ పోతే వచ్చే వెయ్యి ఇరవైనాలుగే ఒక కేబీ అని మా కెర్నల్ లెక్క. ఈ రెండు లెక్కల్లోనూ ఒకేసారి యాభై అనిపించుకునే ఫొటో భూమ్మీద ఉండదు. నేను కాగితం మీద వేసి చూశాను, ఒక్కటి కూడా లేదు. నా లైన్లో వెయ్యి ఇరవైనాలుగుని కొట్టేసి వెయ్యి అని రాస్తే అయిపోతుంది. మా దగ్గర మార్చిన లైను మధ్యాహ్నం పన్నెండింటికి అన్ని ఆఫీసుల కంప్యూటర్లకీ దానంతటదే వెళ్లిపోతుంది.

డైరెక్టర్ తంగిరాల ఉమాకాంతంగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అప్పటికే ఉత్తరాన్ని లామినేషన్‌కి పంపించారు.

"చూశావటయ్యా లింగమూర్తీ! మన సిస్టమ్‌ని ఎవరో వాడుతున్నారు!" అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"సార్, ఇది రెండు నిమిషాల పని. ఒక్క అంకె మారుస్తే చాలు."

ఆయన నన్ను కూర్చోమన్నారు. చాలాసేపు జాలిగా చూశారు.

"రెండు నిమిషాల పనిని రెండు నిమిషాల్లో చేసేస్తే, రేపు ప్రభుత్వం మనల్నేమని అడుగుతుంది? ఈ పనికి సంస్థ ఎందుకు, డైరెక్టరెందుకు అని అడగదూ? అంశాన్ని కూలంకషంగా పరిశీలించి, సాధకబాధకాలు బేరీజు వేసి, తగు నిర్ణయం నిమిత్తం ఒక ఉన్నతస్థాయి కమిటీ వేద్దాం. నువ్వు మినిట్స్ రాయి."

అలా పరిమాణ ప్రదర్శన విధాన నిర్ధారణ కమిటీ పుట్టింది. నేనేం మాట్లాడలేదు. మాట్లాడితే మెమో వస్తుందని భయం. ఆ భయమే పైడమ్మ ఊళ్లో చాలామంది కొంప ముంచిందని నాకు తర్వాత తెలిసింది.

మొదటి సమావేశంలోనే సభ్యులు రెండుగా చీలారు. వెయ్యి ఇరవైనాలుగు వైపు పెద్దదిక్కు చీఫ్ ఆర్కిటెక్ట్ కోటిరెడ్డిగారు. ముప్ఫై ఏళ్లుగా కంప్యూటర్లతో సావాసం. ఇంట్లో కూరగాయలు కూడా ఎనిమిదీ పదహారూ చొప్పున కొంటారని ప్రతీతి.

"యంత్రం ఆత్మ రెండులో ఉంది. దాన్ని పదులతో కొలవడమంటే యంత్రాన్ని అవమానించడం," అన్నారాయన బల్ల గుద్ది.

వెయ్యి వైపు ప్రమాణాల విభాగం జాయింట్ డైరెక్టర్ హైమవతిగారు. "కిలో అంటే వెయ్యండీ. కిలో పంచదార తెమ్మంటే వెయ్యి ఇరవైనాలుగు గ్రాములు తెస్తారా మీరు? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఎలా?"

"ఉలిపికట్టె అనే పదాన్ని మినిట్స్ నుంచి తొలగించాలి."

తొలగించాం. తొలగించాలా వద్దా అన్న చర్చతో ఆ వారం గడిచింది.

రెండో వారం రాజీ ప్రతిపాదన వచ్చింది. వెయ్యికీ వెయ్యి ఇరవైనాలుగుకీ నడిమధ్యన వెయ్యి పన్నెండు పెట్టుకుంటే ఎవరికీ అన్యాయం జరగదని డైరెక్టర్‌గారు సూచించారు. తమాషా ఏమిటంటే, నేను లెక్కవేసి చూస్తే, ఈ పిచ్చి అంకెతో కూడా పైడమ్మ పని అయిపోతుంది. రెండు లెక్కల్లోనూ యాభైగా కనిపించే ఫొటోలు కొన్ని దొరుకుతాయి. నేను ఆశగా పెన్ను పట్టుకున్నాను. కానీ కోటిరెడ్డిగారు, హైమవతిగారు మొదటిసారి ఒక్కటయ్యారు. ఇద్దరూ కలిసి దాన్ని ఓడించారు.

మూడో వారం అంకెకీ కేబీ అన్న మాటకీ మధ్య ఖాళీ వదలాలా అన్నది వచ్చింది. వదలాలని తేలింది. ఎంత వదలాలన్నది తేలలేదు. నాలుగో వారం చుక్క తర్వాత ఎన్ని అంకెలుండాలన్న దాని మీద ఉపసంఘం వేశారు. నేను ప్రతి సమావేశం చివరా చెయ్యెత్తి, "జూన్ పద్నాలుగు, సార్," అనేవాణ్ని. "నోట్ చేసుకో," అనేవారు డైరెక్టర్‌గారు. నేను నోట్ చేసుకునేవాణ్ని.

అయిదో వారం హైమవతిగారు మా సంస్థ నియమావళి తిరగేస్తూ ఒక్కసారి ఆగిపోయారు.

"ఇదిగో చూడండి. ఏడో అధ్యాయం. పరిమాణాలను మానవుడు చదవదగిన రీతిలో ప్రదర్శించవలెను. మానవుడు అంటే ఎవరో నిర్వచనం లేదు!"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనలో ఎవరినైనా పరీక్షిస్తే?" అన్నాను నేను.

"మనం సాంకేతిక నిపుణులమయ్యా," అన్నారు కోటిరెడ్డిగారు మందలింపుగా. "మనం చదవగలిగితే మానవుడు చదవగలడని రుజువేమిటి?"

డైరెక్టర్‌గారు తీర్మానం చదివించారు. "కావున, ఒక సామాన్య మానవుని గుర్తించి, సదరు మానవుని సమక్షంలో పఠనీయతా పరీక్ష నిర్వహించువరకు తుది నిర్ణయమును వాయిదా వేయుటకు కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించినది." ప్రకటన ఏ పత్రికలో వెయ్యాలో, మానవుడికి వయోపరిమితి ఎంతో అన్నవి తేలకుండానే ఇంకో వారం వెళ్లింది.

జూన్ మూడో తారీకున మానవుడు తనంతట తానే వచ్చాడు. వచ్చాడంటే, వచ్చింది. నలభై అయిదేళ్లావిడ, మడమల పైకి కట్టిన చీర, చేతిలో నైలాన్ సంచి. భీమిలి బస్సు దిగి, కొండ నడిచి ఎక్కి, గేటు దగ్గర కాపలావాడితో గంటసేపు పోట్లాడి మరీ వచ్చింది.

"నాను పైడమ్మని బాబూ. నక్కలతిప్ప. ఉత్తరం రాయించినాను. ఏటీ కబురు నేదు. ఏటయినాదో సూసెల్దామని ఒచ్చినాను," అంది నాతో.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ సంచిలోంచి ఓ పెన్‌డ్రైవ్ తీసి చూపించింది. అందులో ఇరవై మూడు ఫొటోలు. ఒకటే పడవ, నీలం రంగు, ముక్కు మీద పసుపు బొట్లు. నలభై కేబీ నుంచి అరవై దాకా అన్ని సైజుల్లోనూ నెట్ సెంటరు పిల్ల చేసి ఇచ్చిందట.

లోపల కబురు తెలిసి డైరెక్టర్‌గారు లేచి ఎదురొచ్చారు. "మానవుడు దొరికాడయ్యా! రండమ్మా, రండి, కూర్చోండి! టీ తాగుతారా?"

పైడమ్మ కుర్చీ అంచున కూర్చుంది. వాళ్లు తెర మీద అంకెలు వేసి చూపించడం మొదలెట్టారు. ఇలా ఉంటే చదవగలరా, ఖాళీ వదిలితే మనసుకి ఎలా ఉంటుంది, చుక్క చూస్తే ఏమనిపిస్తుంది అని ఆవిణ్ని ప్రశ్నలు వేశారు. ఆవిడ కాసేపు ఓపిగ్గా చూసింది.

"ఇయన్నీ సరే గానీ, అసలు తగువేటి?" అని నన్నడిగింది.

చెప్పాను. పోర్టల్ వాళ్లు వెయ్యిని ఒకటి అంటారనీ, మేము వెయ్యి ఇరవైనాలుగుని ఒకటి అంటామనీ.

"ఓస్, ఇంతేనేటి?" అంది పైడమ్మ. "మా ఒడ్డున కానాగంత సేపలు నెక్కెట్టినప్పుడు నూరుకి అయిదు కొసరేస్తాం. అనాగే ఈరు వెయ్యికి ఇరవైనాలుగు కొసరేత్తన్నారు. ఆ పోటల్‌వోలు కొసరెయ్యట్నేదు. ఒకలు కొసరుతోటి, ఒకలు కొసరు నేకండా నెక్కెడితే ఎక్కడ కలుత్తాది బాబూ? ఒడ్డునైతే ముందే అడుగుతాం, కొసరుందా నేదా అని. ఎవులో ఒకలు మానేస్తే సరిపోద్ది."

ఆరు వారాలుగా తొమ్మిది మంది పట్టుకుని పీకుతున్న ముడిని ఆవిడ టీ చల్లారేలోగా విప్పేసింది. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు.

ముందు తేరుకున్నది కోటిరెడ్డిగారు. "ఇరవైనాలుగు కొసరు కాదు. అది అసలే. కొసరు అనడం అభ్యంతరకరం."

"కొసరుకి జాతీయ ప్రమాణం ఏదైనా ఉందా?" అన్నారు హైమవతిగారు పెన్ను తీస్తూ.

"మరి నా పడవో?" అంది పైడమ్మ.

డైరెక్టర్‌గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీ సహకారం అమోఘం. కానీ చిన్న చిక్కొచ్చింది. ఇప్పుడు మీకు కేబీ అంటే ఏమిటో క్షుణ్ణంగా తెలిసిపోయింది. అంటే మీరు సామాన్య మానవుల కోవలోకి రారు. నిపుణుల్లోకి వస్తారు. కాబట్టి ఈ పరీక్ష చెల్లదు. ఇంకో మానవుణ్ని వెతుక్కోవాలి. మిమ్మల్ని మాత్రం కొసరు ఉపసంఘంలో ప్రత్యేక ఆహ్వానితురాలిగా వేస్తున్నాం."

"నాకు ఉపసంగం ఒద్దు బాబూ. నైసెన్సు కావాల."

"అది వేరే శాఖ పరిధిలోని అంశమమ్మా."

నేను ఆవిణ్ని గేటు దాకా దింపాను. దారిలో ఆవిడ నన్నేమీ తిట్టలేదు. కొండ దిగే ముందు ఆగి, సముద్రం కేసి చూసి, "ఇక్కడ్నుంచి బాగా అవుపిస్తాది. మీరు సూసుకోరేటి?" అంది. సంచి భుజాన వేసుకుని దిగిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

జూన్ పద్నాలుగున కమిటీ పదిహేనో సమావేశం. ఉదయం పదకొండున్నర. అజెండాలో మొదటి అంశం, కొసరు అన్న మాటకి సంస్కృత సమానార్థకం. నేను మినిట్స్ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. గోడ మీద లామినేషన్ చేసిన పైడమ్మ ఉత్తరం వేలాడుతోంది, ఏది నిజం యాభయ్యో తెలపగలరు అని. పదకొండూ నలభైకి నేను లేచాను. మూత్రానికని చెప్పి బయటికొచ్చి, నా గదిలోకెళ్లి, ఆ లైను తెరిచి, వెయ్యి ఇరవైనాలుగు కొట్టేసి వెయ్యి అని రాశాను. రెండు నిమిషాలనుకున్నాను గానీ, ఒకటిన్నరే పట్టింది. పన్నెండింటికి అది అన్ని ఆఫీసులకీ వెళ్లింది. పైడమ్మకి ఫోన్ చేసి, పోర్టల్ ఒప్పుకున్న ఫొటో ఏదో దాన్నే మళ్లీ పట్టుకెళ్లమన్నాను. తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. సభ్యులు ఇంకా మొదటి అంశంలోనే ఉన్నారు.

సాయంత్రం అయిదయ్యేలోగా నక్కలతిప్పలో పదిహేడు పడవలకి లైసెన్సులొచ్చాయి. పైడమ్మ తనది అయ్యాక ఒడ్డున కనిపించిన వాళ్లందరికీ చెప్పిందట. అంతకంటే ఎక్కువ మందికి టైము సరిపోలేదు. మర్నాడు తెల్లారుతూనే పదిహేడూ వేటకెళ్లాయి. ఇదే యాభై దగ్గర చిక్కుకున్న మిగతా నూట పన్నెండు పడవలు ఇసకలో ఉండిపోయాయి. నేను మొదటి రోజే ఆ ఒకటిన్నర నిమిషం ఖర్చుపెట్టి ఉంటే అవీ వెళ్లేవి. ఈ మాట మినిట్స్‌లో రాయడానికి వీల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పదిహేనో తారీకు ఉదయం హైమవతిగారు, సమస్య తీవ్రత సభ్యులకి మరోసారి ప్రదర్శించి చూపిద్దామని, ఒక ఫైలు తెరిచారు. కెర్నల్ యాభై అంది. పోర్టల్ యాభై అంది. ఆవిడ మొహం పాలిపోయింది. మళ్లీ తెరిచారు. మళ్లీ యాభై.

"సమస్య కనబడ్డం లేదు!" అన్నారు.

గగ్గోలు పుట్టింది. కోటిరెడ్డిగారు ఇది కుట్ర అన్నారు. డైరెక్టర్‌గారు కుర్చీలో కూలబడ్డారు. "కమిటీ కాలపరిమితి డిసెంబరు దాకా ఉందయ్యా. సమస్య జూన్‌లోనే పోతే మధ్యలో ఏం చెయ్యను?"

నేను లేచి, చేసింది నేనేనని చెప్పాను. మెమో అక్కడికక్కడే వచ్చింది. "కమిటీ పరిశీలనలో ఉన్న సమస్యను, కమిటీ అనుమతి లేకుండా, ఏకపక్షముగా పరిష్కరించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను." సంజాయిషీ ఇచ్చేలోగా సమస్యని యథాస్థితికి తెమ్మన్నారు. వెయ్యి కొట్టేసి వెయ్యి ఇరవైనాలుగు రాశాను. దీనికీ ఒకటిన్నర నిమిషమే పట్టింది. ఈసారి మాత్రం కమిటీ అక్కర్లేదన్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి సమస్య అన్ని ఆఫీసులకీ క్షేమంగా చేరింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నన్ను మినిట్స్ నుంచి తప్పించి, టీ బిస్కెట్ల ఏర్పాటుకి వేశారు.

అంతటితో ఆగితే బాగుండేది. అనధికార యాభైతో పుట్టిన లైసెన్సులు చెల్లవని హైమవతిగారు పాయింటు తీశారు. పదిహేడింటినీ రద్దు చెయ్యమని మత్స్యశాఖకి లేఖ వెళ్లింది. వాళ్లు మా కంటే చురుకైనవాళ్లు. సాయంత్రానికల్లా రద్దు ఉత్తర్వు టైపు చేసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, పోర్టల్లో ఎక్కించబోయారు. పోర్టల్లో ఎక్కితేనే ఉత్తర్వు అమల్లోకొస్తుంది. ఏ కాగితమైనా సరిగ్గా యాభై కేబీ ఉండాలి.

పోర్టల్ యాభై ఒకటి అంది. తగ్గించి ఎక్కించారు. గుమాస్తాగారు తన తెర చూసి నలభై తొమ్మిది అని కొట్టేశారు. రాత్రిదాకా కుస్తీ పట్టి, మర్నాడు వాళ్ల అధికారి మా డైరెక్టర్‌గారికి స్వయంగా ఫోన్ చేశారు.

"ఇదేంటండీ, మీ యాభైకీ మా యాభైకీ పొంతనే కుదరట్లేదు! దీన్ని సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

నేను టీ అందిస్తూ అక్కడే ఉన్నాను. డైరెక్టర్‌గారు నా వైపు చూశారు. "ఒకటిన్నర నిమిషం," అన్నాను నెమ్మదిగా. ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ఊరుకోవయ్యా," అన్నారు. తర్వాత ఫోన్లో, "ఇది చాలా సంక్లిష్టమైన అంశమండీ. కమిటీ పరిశీలనలో ఉంది. మీరు లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. మాకు వచ్చే రెండో ఉత్తరం అవుతుంది," అన్నారు.

అత్యవసర సమావేశం ఏర్పాటైంది. రద్దు ఉత్తర్వు ఎక్కాలంటే కొసరు సంగతి తేలాలి. కొసరు సంగతి తేలాలంటే ప్రత్యేక ఆహ్వానితురాలు ఉండాలి. పైడమ్మకి ఫోన్ చెయ్యమని నాకే చెప్పారు. స్పీకర్లో పెట్టాను. అవతల అలల చప్పుడు, మనుషుల కేకలు, ఎవరో నూటొకటి, నూటరెండు అని లెక్కపెడుతున్న గొంతు.

"అమ్మా, కమిటీ వారు మిమ్మల్ని సమావేశానికి రమ్మంటున్నారు," అన్నాను.

"ఇప్పుడేటి రాడం బాబూ! పడవొచ్చీసింది. సేపలు దింపుకోవాల. నాకు పనున్నాది," అంది పైడమ్మ. "మీరు కూకోండి."

ఫోన్ పెట్టేసింది. డైరెక్టర్‌గారు అజెండా తీశారు. నేను బిస్కెట్లు సర్దాను. అందరూ కూర్చున్నారు.